రేవుకోట ముడి

విద్రుమపురంలో వసంతం పంచాంగాన్ని బట్టి రాదు. వకుళమాలమ్మగారి పగడాల పల్లకీ రాజవీధిలోకి వచ్చిన రోజే వసంతం వచ్చినట్టు లెక్క. అంతవరకూ మామిళ్లు పూతకొచ్చినా, కోయిలలు గొంతు చించుకున్నా, ఆ ఊరి పెద్దింటి ఆడవాళ్లెవరూ కొత్తచీర మడత విప్పరు.

ఆ ఉదయం పల్లకీ రానే వచ్చింది. సముద్రం మీది గాలికి తోరణాలు ఊగుతున్నాయి. వీధికి రెండువైపులా లేత ఎరుపు రాతి మేడలు, మేడ మేడకీ దంతపు పని చేసిన గవాక్షాలు, గవాక్షాలకు ముత్యాల తెరలు, తెరల వెనక కాటుక కళ్లు. పన్నీరు చల్లిన బాట మీద పట్టపుటేనుగులు గంటలు మోగించుకుంటూ నడుస్తున్నాయి. వీధి చివర స్ఫటిక కలశాలతో, నెమళ్లు తిరిగే ముంగిళ్లతో రాజభవనం ఎండలో మెరిసిపోతోంది. ఇంత శోభ కట్టెదుట ఉంటే, ఆ కాటుక కళ్లన్నీ దాన్ని వదిలేసి, పల్లకీలో వకుళమాలమ్మ పక్కన కూర్చున్న పిల్లనే చూస్తున్నాయి.

"చూడనీ తల్లీ, కళ్లున్నది అందుకేగా," అంది వకుళమాలమ్మ తాంబూలం బుగ్గన పెట్టుకుంటూ. "నువ్వు మాత్రం తల దించకు. దించితే మెడలో హారం కనబడదు. అది మా అత్తగారిది. దాన్ని చూసి వీళ్లంతా కుళ్లుకోవాలని నా ముచ్చట."

మదయంతి నవ్వింది. ఈ మధ్య ఆమెకు నవ్వు వచ్చేదంతా ఈ ముసలామె మాటల వల్లే.

మదయంతి రేవుకోట దండనాథుడు భీమరథుడి ఒక్కగానొక్క కూతురు. ఉత్తరాన కొండలు విడిచి నది పల్లానికి దిగేచోట ఉంటుంది రేవుకోట. దాని వెనకే ఉత్తరపు కనుమ, ఆ కనుమకో ఇనుప తలుపు. తలుపుకి అవతల ధూమకేశుడనే మాంత్రికుడి బీడునేల. మదయంతికి తల్లి చిన్నప్పుడే పోయింది. అన్నీ తండ్రే. అలాంటి తండ్రి కిందటి శరత్కాలంలో వేటకని కనుమ దాకా వెళ్లి, మర్నాడు మరో మనిషిలా తిరిగొచ్చాడు. వచ్చీ రాగానే ఆమె తల్లి పెంచిన పూలతోటకు తాళం వేయించాడు. "ఎందుకు నాన్నా?" అని ఒక్క మాట అడిగినందుకు, కోటలోని వాళ్లంతా చూస్తుండగా భోజనాల దగ్గర ఆమె విస్తరి బోర్లించాడు.

ఆ రాజ్యంలో విస్తరి బోర్లించారంటే ఇంటితో రుణం తీరిపోయినట్టే. ఆ బిడ్డకు ఇక ఇల్లు లేదు, ఇంటిపేరు లేదు. ఎవరూ ఆమెను ఫలానావారి అమ్మాయి అని పిలవకూడదు. తానేం తప్పు చేసిందో తెలియక, ఏదో చేసే ఉంటానని తనను తానే తిట్టుకుంటూ మదయంతి నది వెంట కిందికి వచ్చింది. దారిలో పడవ తిరగబడితే వకుళమాలమ్మ మనుషులు ఒడ్డుకు లాగారు. వకుళమాలమ్మ మహారాణికి వరసకు మేనత్త. పిల్లల్లేరు, డబ్బుంది, నోరుంది. ఊరంతా వద్దన్న పని చేయడంలో ఆవిడకున్న సరదా ఇంకెందులోనూ లేదు. తడిసి వణుకుతున్న పిల్ల చరిత్ర వినగానే, "విస్తరి బోర్లిస్తే ఏం? మా ఇంట్లో బోలెడు విస్తళ్లున్నాయి," అని ఇంటికి తెచ్చేసుకుంది.

తెచ్చుకున్నంత మాత్రాన సరిపోదు. దత్తత రాజసభలో నిలవాలి. అందుకు వసంతపు మాలార్పణమే దారి.

ఆ రోజు ఈడొచ్చిన ప్రతి కులీన కన్యా తన చేత్తో నార పేని, తన చేత్తో పూలు గుచ్చి, మోకాళ్ల దాకా వేలాడే దండ ఒకటి మహారాణికి సమర్పిస్తుంది. దండ కొసలు కలిపేచోట వేసే ముడి ఇంటింటికీ వేరు. తల్లులు కూతుళ్లకు చీకటి గదిలో నేర్పే విద్య అది. మహారాణి పేరు అడగదు. ముడిని వేళ్లతో తడిమి, ఇది ఎవరింటి బిడ్డో తెలుసుకుంటుంది. దండ అందుకుందంటే వంది మాగధుడు గొంతెత్తి ఆ పిల్లను ఇంటిపేరుతో పిలుస్తాడు. ఇక జీవితాంతం ఆ పేరు ఆమెది.

వకుళమాలమ్మ ఇంటిది మొగ్గముడి. తామరమొగ్గలా ముద్దుగా ఉంటుంది. చలికాలమంతా మదయంతి దాన్ని వేసి, విప్పి, మళ్లీ వేసి నేర్చుకుంది. ఈ రోజు మహారాణి వేళ్లకు ఆ మొగ్గ తగిలితే ఆమెకు మళ్లీ ఒక ఇల్లు. అలాకాక విస్తరి బోర్లించిన బిడ్డ తన పాత ఇంటి ముడి వేస్తే అది దొంగతనం కింద లెక్క. అలాంటివాళ్లను సముద్రద్వారం దగ్గర ఓడెక్కించి ఉప్పుదీవులకు పంపేస్తారు. వెళ్లినవాళ్లు తిరిగొచ్చిన జాడ లేదు.

"ఇది దండా, ఏనుగును కట్టే మోకా?" అంది వకుళమాలమ్మ, మదయంతి ఒళ్లోని మల్లెదండను తూచి చూస్తూ. "నార ఇంత లావుగా పేనావేం? మహారాణి మెడ పట్టేస్తుంది."

"మావైపు ఇలాగే పేనుతాం పెద్దమ్మా. చెయ్యి మాట వినలేదు," అంది మదయంతి.

ఆ చెయ్యి ఇంకేం మాట వినలేదో అప్పటికి ఆమెకు తెలియదు. ఉత్తరపు కనుమ తాళాలు అప్పగించడానికి మహారాణి రేవుకోట దండనాథుణ్ణి ఇదే సభకు పిలిపించిందని నిన్న సాయంత్రమే కబురు తెలిసింది. తెల్లవారి దండ గుచ్చుతున్నంతసేపూ మదయంతి మనసు నాన్న మీదే ఉంది. నన్ను చూస్తాడా, చూసి ముఖం తిప్పుకుంటాడా, ఆరోగ్యం ఎలా ఉందో... ఈ ధ్యాసలో ముడి ఎప్పుడు పడిందో ఆమె చూసుకోలేదు.

* * *

అంతఃపురపు మండపంలో కన్యలంతా బారులు తీరారు. ఒకామెది వైడూర్యాల వడ్డాణం, ఒకామెది ఆకాశం రంగు పట్టు. పొగడ్తలూ ఎత్తిపొడుపులూ పన్నీటి బుడ్లలా చేతులు మారుతున్నాయి. "రేవుకోటవాళ్ల ముత్తాత పడవ నడిపేవాడటగా?" అని ఒకామె అందరికీ వినబడేలా గుసగుసలాడింది. వకుళమాలమ్మ అటు తిరిగి, "అవునమ్మా, మీ ముత్తాతను ఆ పడవలోనే దాటించాడు. కూలి ఇంకా ఇవ్వలేదట," అంది.

అప్పుడే స్తంభం చాటు నుంచి సుధన్వుడు వచ్చాడు. మహారాణికి సొంత తమ్ముడు. విల్లులో దిట్ట, మాటలో పిసినారి అని పేరు. కిందటి పక్షంలో వకుళమాలమ్మ పూలతోటలో మొదటిసారి ఎదురైనప్పుడు, "అత్త ఈసారి చిలకను కాక మనిషిని పెంచుతున్నట్టుంది," అన్నాడు మదయంతి వినేలా. "చిలకైతే తమరికి జవాబు చెప్పేది కాదు కదా ప్రభూ," అందామె. ఆ రోజు నుంచి ఆయన రోజూ ఆ తోటకే వస్తున్నాడు, రోజూ ఏమీ మాట్లాడకుండానే వెళ్తున్నాడు. వకుళమాలమ్మ ఇదంతా చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఇవాళ మాత్రం ఆయన నేరుగా మదయంతి ముందుకు వచ్చి గొంతు తగ్గించాడు.

"మీ దండ కొస చూసుకున్నారా?"

మదయంతి చూసింది. మల్లెల మధ్య పచ్చగా, నిబ్బరంగా కూర్చుని ఉన్నది మొగ్గముడి కాదు. ప్రవాహంలో పడవను ఒడ్డుకు కట్టేసే రేవుముడి. లాగినకొద్దీ బిగిసేది. అమ్మ నేర్పిన రేవుకోట ముడి.

"చిన్నప్పుడు రేవుకోటలో నా పడవను దీనితోనే కట్టేవారు. అందుకే గుర్తుపట్టాను," అన్నాడు సుధన్వుడు. "త్వరగా విప్పేయండి. నేను లోపల ఏదో ఒకటి చేసి కాస్త ఆలస్యం..."

ఆయన మాట పూర్తి కాకముందే జేగంట మోగింది. ద్వారపాలకుడు తెర తొలగించి, "వకుళమాలాదేవిగారి తరఫున!" అని కేక వేశాడు.

తెర తొలగాక దండ ముట్టకూడదు. వెనక్కి తిరిగితే తప్పించుకోవచ్చు. కడుపునొప్పి అనో, కళ్లు తిరిగాయనో చెప్పి పల్లకీ ఎక్కేయవచ్చు. అప్పుడు ఊరంతా వచ్చే వసంతం దాకా వకుళమాలమ్మను చూసి నవ్వుతుంది. తనను ఒడ్డుకు లాగిన చేతిని నవ్వులపాలు చేసి దాక్కోవడం మదయంతికి చేతకాలేదు. హారం కనబడేలా తల ఎత్తి లోపలికి నడిచింది.

* * *

సభామంటపం పైకప్పు మధ్యలో ఆకాశానికి తెరిచిన పెద్ద గవాక్షం ఉంది. అందులోంచి దిగిన ఎండ సింహాసనం మీద పడుతోంది. మహారాణి తెల్లని పట్టులో, నెరిసీ నెరవని జుట్టుతో ప్రశాంతంగా కూర్చుని ఉంది. ఆమె కుడిపక్కన బంగారు పళ్లెంలో కనుమ తాళాల గుత్తి. పళ్లేనికి అవతల భీమరథుడు.

నాన్న! అదే మీసం, అదే నుదుటి గీత, బొటనవేలి మీద డేగ గోరు దిగిన అదే మచ్చ. మదయంతి ఒక అడుగు ముందుకు వేసింది. ఆయన ఆమెను చూశాడు. ఎవరో దారినపోయే మనిషిని చూసినట్టు చూసి, మళ్లీ తాళాల వైపు తిరిగాడు. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవలేదు.

మహారాణి దండ అందుకోబోయి ముడిని తడిమింది. వేళ్లు ఆగాయి.

"అత్తా, ఇది మీ ఇంటి మొగ్గ కాదే."

సభలో ఒక్కసారి కలకలం రేగింది. వకుళమాలమ్మ నోట్లో తాంబూలం నమలడం మానేసింది.

"నా ఇంటి ముడి అది!" అంటూ భీమరథుడు లేచాడు. "విస్తరి బోర్లించినదానికి ఆ ముడి మీద హక్కు లేదు. ఓడ సిద్ధం చేయించండి మహారాణీ. ముందు తాళాలు ఇప్పిస్తే నేను బయల్దేరతాను. కనుమ దగ్గర నాకు పనుంది."

"కన్నకూతుర్ని ఓడెక్కిస్తూ తాళాల తొందరేమిటయ్యా నీకు?" అని వకుళమాలమ్మ మండిపడింది.

మహారాణి చెయ్యెత్తి ఆవిణ్ణి ఆపింది. "అమ్మాయీ, తెలిసే వేశావా?"

"తెలియక వేశాను మహారాణీ. చెయ్యి అలవాటు. కానీ వేసింది నేనే," అంది మదయంతి.

మహారాణి ముఖంలో జాలి కనబడింది. "అయితే ధర్మం నా చేతిలో లేదమ్మా. దండనాథా, ఆచారం తెలుసుగా. ఇంటి పెద్ద తన చేత్తో ముడి విప్పి పూలు నేల మీద పోస్తేనే ఓడ కదలాలి. విప్పండి."

భీమరథుడు మొలలోంచి చురకత్తి తీశాడు.

"కత్తితో కాదు, చేత్తో," అంది మహారాణి.

ఆయన కత్తి దోపి, విసుగ్గా దండ లాక్కుని ముడిని లాగాడు. అది బిగిసింది. ఇంకోవైపు లాగాడు. ఇంకా బిగిసింది. పళ్లు బిగించి రెండు చేతులా గుంజాడు. మల్లెలు రాలాయి గాని ముడి రాయిలా కూర్చుంది. సభలో ఎక్కడో ఒక పిల్ల కిసుక్కున నవ్వింది.

మదయంతి ఆ చేతుల్నే చూస్తోంది. ప్రతి సాయంత్రం అమ్మ జడలోంచి పూలు తీసేటప్పుడు ఈ ముడే నాన్న విప్పేవాడు. కబుర్లు చెబుతూ, అటు చూడకుండానే, చిటికెనవేలితో కొసను చిన్నగా మీటితే ముడి దానంతటదే విడిపోయేది. అమ్మ పోయాక, ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఆయన తాడుముక్క తీసుకుని వేస్తూ విప్పుతూ ఉండేవాడు. ఇవి నాన్న చేతులే, మచ్చతో సహా. కానీ ఈ వేళ్లకు ఏమీ తెలియదు.

"నాన్నా," అంది మెల్లగా. "అమ్మ పూలు తీసేటప్పుడు ఎలా విప్పేవారు?"

"చచ్చినదాని పూల సంగతి నాకెందుకు!" అని కసిరాడాయన.

ఆ మాటతో మదయంతి గుండె మీది బరువంతా దిగిపోయింది. నలుగురిలో తిట్టు తిన్న పిల్ల ముఖం అలా వెలిగిపోవడం ఆ సభ ఎన్నడూ చూసి ఉండదు. శరత్కాలం నుంచీ రాత్రింబవళ్లు తనను తిన్న ప్రశ్నకు జవాబు దొరికింది. విస్తరి బోర్లించింది నాన్న కాదు. నాన్న తనను వెళ్లగొట్టనేలేదు!

ఆమె ముందుకు వచ్చి ఆయన చేతుల్లో ఉన్న దండ కొసను చిటికెనవేలితో మీటింది. ముడి నవ్వినట్టు విడిపోయింది. అదే వేగంతో మళ్లీ వేసి, దండ తన చేతిలోకి తీసుకుంది.

"మహారాణీ, ఈయన మా నాన్న కాదు. ఎవరో నాకు తెలియదు. ఈయనకు మాత్రం కనుమ తాళాలివ్వకండి."

మహారాణి ఆమెనూ, అతణ్ణీ ఒక్క చూపులో కొలిచింది. ఇంటి ముడి విప్పలేనివాడు ఇంటి పెద్ద కాడని ఆ రాజ్యంలో ఎవరికీ చెప్పనక్కరలేదు. "తలుపులు మూయండి," అందామె. గొంతు కొంచెమైనా పెరగలేదు.

భీమరథుడి ముఖంతో ఉన్నవాడు పగలబడి నవ్వాడు. కడవలో నీళ్లు కదిలినప్పటి నీడలా ఆ ముఖం చెదిరింది. మీసం పొగైంది, నుదుటి గీత పొగైంది. ఆ పొగలోంచి ఎర్రటి కళ్లు బయటపడ్డాయి.

"ధూమకేశుడు!" అని అరిచారెవరో. కన్యలంతా చెల్లాచెదురయ్యారు.

"పనికిమాలిన నారముడికి ఇంత పనా!" అని గర్జించాడు మాంత్రికుడు. "పిల్లా, నీ తండ్రి నా బిలంలో రెప్పవేయని బొమ్మై నిలబడ్డాడు. కనుమ తెరిచిన నాడు అతన్ని పొడిపొడి చేసి గడప కింద పోస్తాను!"

అంటూనే నల్లని గండభేరుండమై రెక్కలు విప్పాడు. ఆ గాలికి దీపస్తంభాలు ఒరిగాయి. ఒక తల సైనికుల మీద బుసకొడుతుంటే, రెండో తల పళ్లెంలోని తాళాల గుత్తిని ముక్కున కరిచింది. సుధన్వుడు బాణం తొడిగాడు గాని, అడ్డంగా పరిగెడుతున్న కన్యల మధ్య వదలలేకపోయాడు. పక్షి పైకప్పు గవాక్షం వైపు లేచింది.

అది పోతే తాళాలు పోతాయి. అది పోతే నాన్న ఎక్కడున్నాడో చెప్పేవాళ్లుండరు. మదయంతి ఆలోచించలేదు. కొట్టుకుపోయే పడవ మీదికి తాడు విసిరినట్టు, ఒక పక్క చేతిలోనే పట్టుకుని దండను విసిరింది. అది గండభేరుండం కాలికి తగులుకుంది. పక్షి విదిలించింది. రేవుముడి బిగిసింది. ఇంకా విదిలించింది. ఇంకా బిగిసింది. మరుక్షణంలో మదయంతి కాళ్లు నేలను విడిచాయి.

"వదిలేయండి!" అని అరిచాడు సుధన్వుడు, మాటలో పిసినారి అన్న పేరు మరిచిపోయి.

"మీరు గుర్రమెక్కండి ప్రభూ! ఇది ఉత్తరానికే పోతుంది!" అని గవాక్షం అంచు దాటుతూ ఆమె అరిచింది.

"ఇంకా చూస్తావేంరా, వెళ్లు!" అని వకుళమాలమ్మ అతని వీపు మీద ఒక్కటి చరిచింది. తర్వాత గవాక్షం కిందికి పరిగెత్తి, తల పైకెత్తి, ఎత్తిన గొంతు దించకుండా కేకలేసింది. "అది మా అత్తగారి హారమే పిల్లా! నువ్వే తిరిగి తెచ్చివ్వాలి! ఇంకొకళ్లతో పంపిస్తే పుచ్చుకోను, చెబుతున్నా!" ఆవిడ కళ్లనీళ్లు తాంబూలపు పెదవుల దాకా జారాయి. తుడుచుకోలేదు.

మహారాణి సింహాసనం మీది నుంచి లేచింది. గోడకు అతుక్కుపోయి వణుకుతున్న వంది మాగధుడి వైపు తిరిగింది.

"ఏమయ్యా, చూస్తూ నిలబడ్డావేం? ఆ దండ నా చేతికి అందింది. ముడి ఎవరిదో నేను గుర్తుపట్టాను. పిలువు."

మేడల కప్పులు మదయంతి పాదాల కింద గిర్రున తిరుగుతున్నాయి. ముత్యాల తెరల్లోంచి కాటుక కళ్లన్నీ పైకి లేచాయి. రాజవీధిలో తెల్లగుర్రం ఒకటి దుమ్ము రేపుకుంటూ ఉత్తరానికి దూకింది. మదయంతిని రాల్చేయాలని పక్షి సముద్రం మీదికి తిరిగి, అంతెత్తు నుంచి నిట్టనిలువునా దిగింది. ఉప్పుగాలి చెవుల్లో హోరుమంటోంది. ముడి కొస ఆమె చిటికెనవేలికి తగులుతూ ఊగుతోంది. ఒక్క మీటు మీటితే చాలు. కింద మెత్తని అలలు, జాలరి పడవలు, ప్రాణానికి ఢోకా లేదు.

అప్పుడు, అంత హోరులోనూ, దూరాన చిన్నబొమ్మలా కనిపిస్తున్న రాజభవనం నుంచి వంది మాగధుడి గొంతు ఆమెను వెతుక్కుంటూ వచ్చింది.

"రేవుకోట భీమరథ దండనాథులవారి కూతురు... మదయంతీదేవి!"

మదయంతి ఆ కొసను మీటలేదు. మణికట్టుకు చుట్టుకుని, ఇంకా గట్టిగా పట్టుకుంది.